కోరింగలో ఏమీ కనిపించలేదా? ఈసారి పాటు చూసుకుని పడవెక్కండి

మీరు అడిగింది ఇదీ: సెలవుల్లో పిల్లలతో కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్ళారు. పడవలో దాదాపు గంట తిరిగారు. రెండు మూడు కొంగలు, అటూ ఇటూ పచ్చని చెట్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. నీటికుక్కలు (ఓటర్లు), బావురుపిల్లులు (ఫిషింగ్ క్యాట్లు) ఉన్నాయంటారే, అదంతా నిజమేనా? ఉంటే వాటిని చూడాలంటే ఏం చెయ్యాలి? పదేళ్ళ అబ్బాయిని మళ్ళీ తీసుకెళ్ళడం దండగేనా?

నిజమేనండి, ఉన్నాయి. మీకు కనిపించకపోవడానికి కారణం అడవిలో జంతువులు లేకపోవడం కాదు, మీరు వెళ్ళిన వేళ. అంటే పొద్దున్నా సాయంత్రమా అని కాదు. నీళ్ళు పోటు మీద (ఎక్కుతూ) ఉన్నాయా, పాటు మీద (తీస్తూ) ఉన్నాయా అన్నది. మడ అడవిలో గడియారం అదే. ఆ సంగతి నాకు తెలియడానికి రెండు ప్రయాణాలు పట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మొదటి ప్రయాణం అచ్చం మీలాంటిదే. మిట్టమధ్యాహ్నం, నిండు పోటు. నీళ్ళు చెట్ల మొదళ్ళు దాటి కొమ్మల దాకా వచ్చేశాయి. గట్టు లేదు, బురద లేదు, కాలవకు రెండు వైపులా ఆకుల గోడ నిలబెట్టినట్టుంది. ఇంజన్ పడవ, ఇరవై మందిమి, పైగా స్పీకర్‌లో పాటలు. ఆపమని అడిగితే నడిపేవాళ్ళు ఒప్పుకోలేదు, మిగతావాళ్ళు అడుగుతున్నారన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక నీటికాకి కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించింది, అంతే. మూడేళ్ళ దాకా మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, కాలవలు లోతు తక్కువ. నీళ్ళు తీసేస్తే పెద్ద పడవలు బురదలో కూరుకుపోతాయి. అందుకని సందర్శకుల పడవలు నీళ్ళు బాగా ఉన్నప్పుడే ఎక్కువగా తిరుగుతాయి. పడవకు ఏది మంచి వేళో, జంతువును చూడ్డానికి అది అంత మంచిది కాదు. చాలామంది నిండు పోటులో వెళ్ళి, ఏమీ లేదని చెప్పి వచ్చేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

రెండోసారి వెళ్ళింది జనవరి నెలలో, నీటిపక్షుల లెక్కకు. ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో చాలాచోట్ల ఒకేసారి నీటిపక్షులను లెక్కపెడతారు, 1987 నుంచి జరుగుతోంది. అటవీ శాఖ అనుమతితో మా నలుగురికీ ఒక చిన్న పడవ ఇచ్చారు. నడిపేది చేపల వేటలో ముదిరిన ఒక పెద్దాయన. తెల్లవారకముందే పోటు నిండింది. మేము ఎక్కేసరికి నీళ్ళు తిరుగుముఖం పట్టాయి. నేను తొందరపడి కెమెరా తీస్తుంటే ఆయన అన్నాడు: "ఇప్పుడేం సూత్తారు బాబూ, నీళ్ళు తియ్యనియ్యండి. బురద బైట పడితే ఆళ్ళే వత్తారు." ఆళ్ళంటే జంతువులు, పక్షులు. ఆయన అన్నిటినీ మనుషుల్లాగే అనేవాడు.

అన్నట్టే జరిగింది. గంట గడిచేసరికి గట్టున జానెడు వెడల్పున బురద బయటపడింది, చూస్తుండగానే బారెడైంది. తెల్లమడ చెట్ల చుట్టూ ఊపిరి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు వందలకొద్దీ పైకి తేలాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఈ చెట్లు వేళ్ళను పైకి పంపి, నీళ్ళు తీసిన వేళ ఊపిరి పీల్చుకుంటాయి. ఆ వేళ్ళ మధ్య ముందుగా కదిలినవి పీతలు. మగ పీతకు ఒక డెక్క ఒంటికి మించిన పెద్దది, రెండోది చిన్నది. ఆ పెద్ద డెక్కను పైకెత్తి, దింపి, మళ్ళీ ఎత్తి, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టే ఊపుతుంది. ఆడ పీతకు రెండూ చిన్నవే. పోటు వేళ ఇవన్నీ కన్నాలు మూసుకుని లోపల కూర్చుంటాయి. మీ పడవ వాటి నెత్తి మీదుగానే వెళ్ళి ఉంటుంది.

తర్వాత బురద చేపలు. మీ అబ్బాయికి తప్పకుండా చూపించాల్సింది ఇదే. వేలెడంత చేప, నీళ్ళలోంచి బయటికి వచ్చి ముందు రెక్కలను చేతుల్లా మోపి బురద మీద నడుస్తుంది. కళ్ళు నెత్తిన ఉబ్బుగా ఉంటాయి. ఉండుండి వాటిని లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్ళీ పైకి తెస్తుంది. కాసేపటికోసారి పక్కకు దొర్లుతుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపే చర్మంతో ఊపిరి తీసుకోగలదు మరి. రెండు మగవి ఎదురుపడితే వీపు మీది రెక్క తెరచాపలా లేపుతాయి. అరగంట సేపు నేను పక్షుల లెక్క మానేసి ఇవే చూశాను. పక్కనున్నాయన నా వంతు కూడా లెక్కపెట్టాడు.

ఆ బురద మీదికే పక్షులు దిగుతాయి. లకుముకి పిట్టలు గట్టుకు వాలిన కొమ్మ మీద కూర్చుని పీతల కోసం చూస్తుంటాయి. నల్లటి తల, నీలం వీపు, పగడంలాంటి ముక్కు ఉన్నది కనిపిస్తే అది మడ అడవికి బాగా అలవాటుపడిన నల్లతల లకుముకి. గుడ్డికొంగలు, తెల్లకొంగలు సరేసరి. చలికాలంలో ఉత్తరాది నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చే ఉల్లంకి పిట్టలు, వంకర ముక్కు పెద్ద కర్ల్యూలు బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరుగుతాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఇసుక తిన్నెల మీద చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు ఉంటాయి. కింది ముక్కు పైదానికంటే పొడవు. ఎగురుతూనే ఆ కింది ముక్కును నీళ్ళలో ముంచి గీత గీసినట్టు లాక్కుపోతాయి. ఒక్కసారి చూస్తే మరచిపోరు. తలెత్తి ఆకాశంలో చూస్తే గరుడ పక్షి ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది.

నీటికుక్కల సంగతి. ఆ రోజు మేము ఒక సన్నటి ఉప్పుటేరు వంపు తిరుగుతున్నాం. పెద్దాయన ఇంజన్ ఆపేసి గడ చేతికి తీసుకున్నాడు. మాట్లాడొద్దని వేలు చూపించాడు. ముందు చప్పుడు వినిపించింది. ఎవరో పచ్చి మామిడికాయ కొరుకుతున్నట్టు కరకరమని. వంపు దాటగానే ఐదు నీటికుక్కలు. నాలుగు నీళ్ళలో, ఒకటి గట్టున. గట్టున ఉన్నది ముందు కాళ్ళతో చేపను గట్టిగా పట్టుకుని, తల వైపు నుంచి నములుతోంది. ఆ చప్పుడే మాకు వినిపించింది. ఒళ్ళంతా నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది, తోక చివర చదునుగా ఉంది. మమ్మల్ని చూసింది. నమలడం ఆపలేదు. నీళ్ళలో ఉన్నవి మాత్రం తలలు పైకెత్తి, మెడలు సాచి ఒకేసారి మా వైపు చూసి, ముక్కుతో బుస్సుమని గాలి వదిలాయి. మహా అయితే మూడు నిమిషాలు. తర్వాత ఒకటి వెనుక ఒకటి మునిగి, అవతలి వేళ్ళలోకి వెళ్ళిపోయాయి. పడవలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ చోటికి ఇంజన్‌తో వెళ్ళి ఉంటే ఒక్కటి కూడా మిగిలేది కాదు. పాటు తర్వాత ముఖ్యమైన సంగతి ఇదే. చిన్న పడవ మాట్లాడుకోండి. సన్న కాలవలోకి వచ్చాక ఇంజన్ ఆపి తెడ్డుతోనో గడతోనో పొమ్మని ఎక్కకముందే చెప్పండి. మధ్యలో చెబితే ఎవరికైనా చిరాకే. వంపులు తిరిగే ముందు నెమ్మదించమనండి. ఎందుకంటే జంతువులు ఎక్కువగా వంపు అవతలే ఉంటాయి, మనం కనిపించేదాకా వాటికి తెలియదు. చూడ్డం కూడా చెట్ల మీదికి కాదు, నీళ్ళకూ చెట్లకూ మధ్య ఉండే ఆ బురద అంచు మీద పెట్టాలి. కొత్తవాళ్ళు ఆకుల్లో వెతుకుతూ ఉంటే కాళ్ళ దగ్గర అంతా జరిగిపోతుంది.

బావురుపిల్లి గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆరుసార్లు వెళ్ళాను, ఒక్కసారి చూశాను, అదీ నిమిషం కూడా లేదు. అది రాత్రి పూట వేటాడే జంతువు. 2018లో కెమెరాలు పెట్టి చేసిన లెక్కలో కోరింగలో 115 ఉన్నట్టు తేలింది. అంటే అవి ఉన్నాయన్న మాట అబద్ధం కాదు. కానీ పగటి పడవలో అది కనిపిస్తుందని పిల్లవాడికి మాట ఇవ్వకండి. దాని బదులు అడుగులు చూపించండి. నీళ్ళు తీసిన బురద మీద రాత్రి నడిచిన ప్రతి జంతువు సంతకం ఉంటుంది. పిల్లి జాతి అడుగు గుండ్రంగా ఉంటుంది, మామూలుగా గోళ్ళ గుర్తు పడదు. బావురుపిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి మెత్తటి బురదలో గోళ్ళ మొనలు కూడా పడతాయి. నక్క అడుగు కోలగా ఉంటుంది. నీటికుక్కకు ఐదు వేళ్ళు, మధ్యలో చర్మం గుర్తు, పక్కనే తోక ఈడ్చిన గీత. గట్టున చేప పొలుసులతో నిండిన రెట్ట కనిపిస్తే అది నీటికుక్కలు రోజూ వచ్చే చోటు. మా పెద్దాయన ఒక చోట పడవ ఆపి, "ఇదిగో రేత్రి ఇక్కడ కూకుంది, ఇటు దూకింది" అని వరసగా చెబుతుంటే నాకు పిల్లి కళ్ళ ముందు కదిలినట్టే అనిపించింది.

ఇక ఏ రోజు వెళ్ళాలి? రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నిండు పోటు నుంచి నీళ్ళు పూర్తిగా తీసేదాకా ఆరు గంటల పైచిలుకు. ప్రతి రోజూ ఈ వేళలు ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కాబట్టి నిన్న ఎవరో పొద్దున ఏడింటికి వెళ్తే అన్నీ కనిపించాయని చెబితే, వారం తర్వాత ఏడింటికి వెళ్ళిన మీకు అదే దృశ్యం దొరకదు. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్ళు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ తీస్తాయి, బురద బాగా బయటపడుతుంది. అష్టమి రోజుల్లో ఎక్కడమూ తక్కువే, తియ్యడమూ తక్కువే. క్యాలెండర్ తిరగేస్తే ఇంతవరకు మీకే తెలుస్తుంది. కచ్చితమైన వేళ కావాలంటే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజువారీ పోటుపాట్ల అంచనా ఇస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికలు వేస్తుంది. వాటిలో కాకినాడ చూసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, రేవు దగ్గరి వేళకూ లోపలి కాలవలో వేళకూ తేడా ఉంటుంది. ఎంత లోపలికి పోతే అంత ఆలస్యం. ఆ తేడా పడవ నడిపేవాళ్ళకు బాగా తెలుసు.

నేను చేసేది ఇదీ: నిండు పోటు తెల్లవారుజామున పడే రోజు చూసుకుంటాను. నీళ్ళు తిరిగిన గంటకు పడవెక్కుతాను. అప్పుడు చల్లటి వేళ, దిగుతున్న నీళ్ళు, బయటపడుతున్న బురద మూడూ కలిసొస్తాయి. రెండున్నర మూడు గంటలు చాలు. అంతకు మించి ఆశపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాలుగోసారి వెళ్ళినప్పుడు పెద్దాయన రెండుసార్లు హెచ్చరించినా ఇంకాసేపు అని బతిమాలాను. నీళ్ళు తీసేశాయి. పడవ అడుగు బురదలో కూర్చుంది. గడకు కదల్లేదు, దిగి తోద్దామంటే నడుం లోతు బురద. మళ్ళీ పోటు ఎక్కేదాకా నాలుగు గంటలు ఎండలో అక్కడే. తాగే నీళ్ళు అయిపోయాయి. ఆయనకు ఆ రోజు వేట పోయింది. అది నా మొండితనం వల్లే. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన "ఇక తిరుగుదాం" అన్నాక ఒక్క నిమిషం అడగలేదు.

కదలకుండా కూర్చున్న ఆ నాలుగు గంటల్లోనే ఒక నక్క పట్టపగలు చెట్ల నుంచి బయటికి వచ్చి, మా పడవకు ముప్పై గజాల దూరంలో పీతలు పట్టుకు తిన్నది. ముందు కాలితో కన్నం దగ్గర తట్టి, తల వాల్చి వింటుంది, మళ్ళీ తడుతుంది. మేము అక్కడ లేనట్టే తన పని తాను చేసుకుంది. అయినా పిల్లలున్నప్పుడు అలాంటి పరిస్థితి తెచ్చుకోకండి.

నెల మాటకొస్తే, పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక ఉంటే ఆలోచన మానుకోండి. గోదావరి వరద వేళ కాలవల్లో ఎర్రనీళ్ళు వస్తాయి, నాకైతే అప్పుడు పెద్దగా ఏమీ దక్కలేదు. సముద్రపు తాబేళ్ళు, అవే ఆలివ్ రిడ్లీలు, జనవరి నుంచి మార్చి దాకా ఇసుక తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అది రాత్రి పూట సంగతి. వాటి కోసం పడవలో వెళ్ళే ప్రయత్నం చెయ్యకండి, వాటి మానాన వాటిని వదిలెయ్యాలి.

కోరింగ 1978 నుంచి అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మామూలు పడవ షికారులో మీరు చూసేది దాని అంచు మాత్రమే. లోపలి కాలవలకు అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. కొంచెం ఎక్కువిస్తే తీసుకెళ్తామని ఎవరన్నా అన్నా వద్దనండి. అలా తీసుకెళ్ళినవాళ్ళే పక్షుల గుంపు మీదికి పడవ నడిపి, అవి లేస్తుంటే ఫోటోలు తియ్యమంటారు. నేను కళ్ళారా చూశాను. పోటు వేళ తిన్నె మీద గుంపుగా నిలబడ్డ ఉల్లంకులు అప్పుడు మేత దొరక్క విశ్రాంతి తీసుకుంటుంటాయి. తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు దాచుకోవాల్సిన పక్షులను ఊరికే లేపితే ఆ కొవ్వే కరుగుతుంది.

బైనాక్యులర్స్ కొనబోతున్నానన్నారు. పడవకు 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి తీసుకోండి. 10 రెట్లవి పడవ ఊగితే చేతిలో నిలవవు. అబ్బాయి మెడకు ఒకటి వేరేగా ఉంటే ఇంకా మంచిది, ఇద్దరికీ ఒకటే అయితే చూసేలోపు పిట్ట పోతుంది. బట్టలు మట్టి రంగువి, చేతులు కప్పేవి. దోమలు, జోరీగలు బాగా ఉంటాయి. పడవలో లేచి నిలబడొద్దు, లైఫ్ జాకెట్ విప్పొద్దు. ఇంకొకటి, ఇది పిల్లలకు తప్పక చెప్పాలి. తిల్ల చెట్టు కొమ్మలు తుంచనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడవ గట్టును రాసుకుంటూ పోయేటప్పుడు చేతులు లోపలే ఉండాలి.

ముట్టుకోవడానికి మడ ఆకు ఉంది. తెల్లమడ ఆకు అడుగు భాగాన్ని నాలుక చివరతో తాకించండి, ఉప్పగా ఉంటుంది. ఉప్పు నీళ్ళు తాగి, మిగిలిన ఉప్పును ఆకుల గుండా బయటికి తోసేస్తుందా చెట్టు. ఉప్పుపొన్న కనిపిస్తే కొమ్మలకు ములక్కాడల్లా వేలాడేవి చూపించండి. అవి కాయలు కావు, చెట్టు మీద ఉండగానే మొలకెత్తిన పిల్ల మొక్కలు. రాలి బురదలో దిగబడి అక్కడే వేరు పోసుకుంటాయి, లేదా నీళ్ళలో తేలుతూ పోయి ఇంకో చోట పాతుకుంటాయి. మీ అబ్బాయి "ఈ చెట్లు బురదలో ఎందుకుంటాయి" అని అడిగాడన్నారు కదా, జవాబు మాటల్లో చెప్పేకంటే ఆకు ఉప్పు నాలుక మీద తెలిస్తే వాడికి గుర్తుంటుంది. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన ఉప్పెనలు ఒకప్పటి కోరింగ రేవును ఊడ్చిపెట్టేశాయి. కెరటం జోరును ఈ వేళ్ళు ఎంత అడ్డుకుంటాయో తీరం మీద ఉండేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొసళ్ళు కూడా చూడాలని అబ్బాయి కోరిక అని చివర్లో రాశారు. దానికి కోరింగ కాదు, ఒడిశాలోని భీతర్‌కనిక వెళ్ళండి. అక్కడ 1975లో ఉప్పునీటి మొసళ్ళ సంరక్షణ మొదలుపెట్టారు. అప్పట్లో వంద లోపే ఉన్నవి ఇప్పుడు 1,800 దాటాయి. అక్కడా సూత్రం ఒకటే. చలికాలం, నీళ్ళు తీసిన వేళ, ఎండ పడే బురద గట్టు. పోటులో వెళ్తే మొసలి నీళ్ళ అడుగునే ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు పాటు మీద రెండు గంటల్లో పదకొండు చూశాను, ఒకటి మా పడవంత పొడుగు. మే నుంచి జూలై దాకా గుడ్లు పెట్టే కాలం కాబట్టి సందర్శకులను రానివ్వరు, అది చూసుకుని సెలవులు పెట్టుకోండి.

అబ్బాయిని మళ్ళీ తీసుకెళ్ళండి. ఈసారి వెళ్ళే ముందు రోజు పడవ వాళ్ళకు ఫోన్ చేసినప్పుడు ఎన్నింటికి తెరుస్తారని అడక్కండి, "రేపు నీళ్ళు ఎప్పుడు తీస్తాయి?" అని అడగండి. ఒకవేళ వేళ కుదరక పోటులోనే వెళ్ళాల్సివస్తే పడవ ఎక్కడం వాయిదా వేసి, చెట్ల మధ్యన వేసిన చెక్కల దారి మీద నెమ్మదిగా నడుస్తూ పాటు కోసం ఆగండి. కింద బురద బయటపడగానే పీతలు, బురద చేపలు అక్కడే, కాళ్ళ కిందే మొదలవుతాయి. వాడు బోర్లా పడుకుని చూస్తానంటే చూడనివ్వండి.